రాజలింగం సాంచా బందువెట్టిన రోజు

చప్పట్లు కొట్టడానికి కూడా రిహార్సల్ ఎందుకని ఎవరైనా అడిగితే రాజలింగానికి ఎక్కడలేని కోపం వచ్చేది. "కొట్టుడు అందరికీ వస్తది. అందరు కలిసి కొట్టుడు ఎవనికొస్తది?" అని గయ్యిమనేవాడు. అనడమే కాదు, మూడు ఆదివారాలు వరసగా, సూరత్ శివార్లలోని ఉన్‌లో తాముండే గల్లీల వెనక ఖాళీ స్థలంలో రెండువందల మంది సాంచా కార్మికులను నిలబెట్టి మరీ నేర్పాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి ఏళ్ల తరబడి ఆ సాంచాలే నడుపుతున్న చేతులవి. వాటికి తెలిసిన వేగం ఒక్కటే. టక్ టక్ టక్ టక్ అని అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే వేగం. చప్పట్లు కూడా అచ్చం ఆ వేగంలోనే పడ్డాయి, రెండువందల జతల చేతుల్లో ఒక్కటీ వెనకబడకుండా.

"ఏం లింగన్నా, బరాబర్ వచ్చిందా?" అన్నాడు పరుశురాం. కార్ఖానాలో పక్క వరస సాంచాలు అతనివే. చప్పట్ల దండుకు మేస్త్రీ కూడా అతనే.

"ఎక్దమ్ బరాబర్!" అని రాజలింగం మీసం దువ్వుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు ఆ చప్పట్లు సగమే వినబడ్డాయి. ముప్పై ఏళ్ల మోతకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. మిగతాది కాళ్ల కింద నేల అదిరేదాన్ని బట్టి తెలుసుకుంటాడు.

ఇంత హడావిడికి కారణం ఉంది. ఆసియా అథ్లెటిక్స్ పోటీలు ఆ ఏడు ఏకంగా సూరత్‌కే వచ్చాయి. ఆడవాళ్ల డిస్కస్‌లో మన దేశం తరఫున విసిరేది రాజలింగం కూతురు తిరుమల. ఇరవై మూడేళ్ల పిల్ల ఇంటి దగ్గరే అంత పెద్ద పోటీలో నిలబడుతుంటే ఏ తండ్రి చేతులు ముడుచుకుని కూర్చుంటాడు చెప్పండి! లాంగ్‌జంప్ వాళ్లు పరుగెత్తే ముందు జనం చప్పట్లు కొట్టడం ఆయన టీవీలో చూశాడు. అంతే, పథకం వేసేశాడు. దూకేవాళ్లకు కొట్టే చప్పట్లు గిరగిరా తిరిగి విసిరేవాళ్లకు పనికొస్తాయా అని ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు ఆయన ఇంటావంటా లేదు.

ఆయన భార్య గంగవ్వ మాత్రం మూతి తిప్పింది. "పిల్ల పుట్టిందని కబురొస్తే సాంచా బందువెట్టి రాలే గని, ఇప్పుడు సప్పట్లు కొట్టిస్తడట, సప్పట్లు!"

ఈ దెప్పుడు వయసూ ఇరవై మూడేళ్లే. తిరుమల పుట్టిందని ఆసుపత్రి నుంచి కబురు వచ్చినప్పుడు రాజలింగం ఎనిమిది సాంచాలు నడుపుతున్నాడు. షిఫ్టు అయ్యేదాకా ఒక్కటీ ఆపలేదు. మధ్యలో ఆపి మళ్లీ నడిపితే బట్ట మీద అడ్డంగా గీత పడుతుంది, అది చూస్తే ఏ సేఠూ ఊరుకోడు అని ఆయన వాదన. "బట్ట మీద గీత పడొద్దని నా మనసు మీద గీత వెట్టిండు" అని గంగవ్వ పెళ్లిళ్లలో చెప్పింది, పేరంటాల్లో చెప్పింది, చివరికి తిరుమల కోచ్ స్వరాజ్యం మేడమ్‌కు కూడా చెప్పింది. రాజలింగం వినబడనట్టు నటించేవాడు. చెవుడు ఉన్నవాడికి ఆ సౌకర్యం ఒకటి ఉంటుంది.

స్వరాజ్యం మేడమ్‌ది హనుమకొండ, ఒకప్పుడు తనూ డిస్కస్ విసిరిన మనిషి. పోటీకి రెండు రోజుల ముందు ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఒక్కటే షరతు పెట్టింది. "అన్నా, మీరు ఎంతమందినన్నా తీస్కరాండి. కని తిరుమలకు చేతులతోని సైగలు చెయ్యద్దు. పోయినసారి మీ వంకే చూసుకుంట ఫౌల్ చేసింది."

సైగలంటే కార్ఖానా సైగలు. సాంచాల మోతలో పక్కవాడు అరిచినా వినబడదు కాబట్టి అక్కడ సంసారమంతా చేతుల మీదే నడుస్తుంది. పోగు తెగిందన్నా, నూలు కండె అయిపోయిందన్నా, సేఠ్ వస్తున్నాడన్నా చేత్తోనే చెప్పాలి. చిన్నప్పుడు తండ్రికి గిన్నెలో అన్నం తీసుకెళ్తూ తెలుగు, హిందీ, గుజరాతీతో పాటు ఆ నాలుగో భాషనూ తిరుమల నేర్చేసుకుంది.

"ఒట్టు మేడమ్. చేతులు కింద వెట్టుకొని కూసుంట" అన్నాడు రాజలింగం. మాట మీద నిలబడ్డాడు కూడా. పోటీ సాయంత్రం స్టేడియంలో డిస్కస్ విసిరే వృత్తం చుట్టూ కట్టిన వలకు దగ్గరగా, ముందు వరసలో, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన గంగవ్వ, వెనక రెండువందల మంది.

తిరుమల వలలోకి వచ్చిన తీరే వేరు. భుజాలు విరిచి, జడ వెనక్కి విసిరి, తన గల్లీలో నడిచినట్టే నడిచొచ్చింది. మైకులో పేరు వినగానే పరుశురాం లేచి చెయ్యెత్తాడు. టక్ టక్ టక్ టక్! స్టేడియం మొత్తం తలలు ఇటు తిప్పింది. మిగతా జనం కూడా అందుకున్నారు. తిరుమల నవ్వి, గిర్రున తిరిగి విసిరింది. డిస్కస్ నేరుగా వెళ్లి కుడివైపు వలకు తగిలి దబ్బున పడింది. ఫౌల్ అని ఎర్రజెండా లేచింది.

"మొదటిది గదా, చెయ్యి కుదరలే" అని రాజలింగం వెనక్కి తిరిగాడు. "ఏందిరా గిట్ల కొడుతున్రు, తినలేదా? జర గట్టిగ కొట్టుండ్రి!"

రెండోసారి బెంచీలు అదిరేలా కొట్టారు. ఈసారి డిస్కస్ చాలా దూరం పోయింది. అందరూ లేచి ఎగిరారు. తీరా చూస్తే తిరుమల కాలు ఆగక వృత్తం అంచు దాటేసింది. మళ్లీ ఎర్రజెండా.

రాజలింగం మీసం మీద చెమట పట్టింది. పోటీలో ఉన్నది పన్నెండు మంది. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. ముందున్న ఎనిమిది మందికే తర్వాత ఇంకో మూడు. ఈ మూడోది కూడా పాడైతే తిరుమల పేరు ఎదురుగా ఒక్క అంకె కూడా ఉండదు. ఆరేళ్ల కష్టం, సంచి సర్దుకుని ఇంటికి పోవడమే. అవతలి కంచె దగ్గర స్వరాజ్యం మేడమ్ నోటికి చేతులు అడ్డం పెట్టి ఏదో అరుస్తోంది. తిరుమల చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడటం లేదని తల ఊపింది. ఎలా వినబడుతుంది, మధ్యలో రాజలింగం తెచ్చిన కార్ఖానా కేకలు పెడుతుంటే!

మూడోసారి పిలిచారు. తిరుమల వృత్తంలోకి అడుగుపెట్టింది. విసరడానికి ఇచ్చే నిమిషం గడియారం నడవడం మొదలైంది. చప్పట్లు కూడా మొదలయ్యాయి.

బట్ట చెడుతున్నప్పుడు అనుభవమున్న కార్మికుడు బట్టను చూస్తూ కూర్చోడు, సాంచాను చూస్తాడు. రాజలింగం కూతురి మొహం వదిలేసి కాళ్లు చూశాడు. ఎడమ మడమ నేల మీద ఆడుతోంది. టక్ టక్ టక్ టక్. ఆయన అరికాళ్ల కింద బెంచీ చెక్క అదురుతోంది. అదీ టక్ టక్ టక్ టక్.

ఆరు నెలల పసిగుడ్డుగా సాంచాల పక్కన కట్టిన ఉయ్యాలలో పడుకున్నప్పుడు కూడా ఈ పిల్ల కాలు నిద్రలో అదే దరువు వేసేది. ఇప్పుడూ ఒంటికి తెలియకుండానే పట్టుకుంది. రోజూ పొద్దున్నే ఖాళీ స్థలంలో తిరుమల విసరడం ఆయన ఎన్నిసార్లు చూశాడు! మొదటి అడుగు ఎంత నిదానం, పోగులు బాగా తెరుచుకుని దారి ఇచ్చేదాకా నాడె ఆగినట్టు ఆగేది. ఆఖర్లో చూడు, అప్పుడు మెరుపు. ఇవాళ మొదటి అడుగు నుంచే పరుగు. పరుగెత్తిస్తున్నది ఎవరు? ఈ చప్పట్లు. తెచ్చింది ఎవరు?

"అయ్యో, నా బిడ్డను నేనే తరుముతున్ననే!" అన్నాడు. పక్కనున్న గంగవ్వకు కూడా వినబడలేదు.

"ఆపుండ్రి! ఆపుండ్రిరా!" అని వెనక్కి తిరిగి అరిచాడు. గట్టిగా కొట్టమంటున్నాడేమో అనుకుని పరుశురాం ఇంకా గట్టిగా కొట్టాడు. గడియారంలో నలభై సెకన్లున్నాయి. తిరుమల డిస్కస్‌ను భుజం వెనక్కి ఊపుతోంది.

రాజలింగం బెంచీ ఎక్కాడు. మైదానానికి వీపు తిప్పి, రెండు చేతులూ తల మీదికెత్తి, మణికట్ల దగ్గర ఒకదానికొకటి అడ్డంగా పెట్టి నిలబడ్డాడు.

కార్ఖానాలో ఆ సైగకు ఒక్కటే అర్థం. మనిషి చెయ్యి మిషన్‌లో పడింది, అన్ని సాంచాలూ బందు పెట్టండి. అది చూసినవాడు ఎందుకని అడగడు. ముందు ఆపుతాడు, తర్వాతే అడుగుతాడు. ముప్పై ఏళ్లలో రాజలింగం ఒక్కసారి కూడా ఎత్తని సైగ అది.

రెండువందల జతల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కొందరి కుడిచేతులైతే అలవాటుకొద్దీ పక్కకు పోయి లేని హ్యాండిల్‌ను వెతుక్కున్నాయి. వీళ్లు ఆగేసరికి మిగతా జనం కూడా ఏమైందోనని ఒక్కొక్కరే ఆపేశారు. అంత పెద్ద స్టేడియంలో జెండాలు రెపరెపలాడే చప్పుడు మిగిలింది.

రాజలింగం కదల్లేదు. చేతులు దించితే మళ్లీ మొదలుపెడతారు. వెనక్కి తిరిగితే సైగ కనబడదు. బిడ్డ విసరడం చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా అలాగే నిలబడ్డాడు. ఆయనకు కనబడుతున్నదల్లా ఎదురుగా ఉన్న రెండువందల మొహాలు.

ఆ మొహాలు చాలాసేపు అలాగే ఉన్నాయి. తొందరపడటం లేదు, మంచిదే అనుకున్నాడు. ఇంతలో కళ్లన్నీ ఒక్కసారి చిన్నవయ్యాయి. తలలన్నీ కలిసి పైకి లేచాయి. ఇంకా లేచాయి. పరుశురాం నోరు తెరుచుకుంది. తలలు అలాగే పైన ఉండిపోయి, మెల్లగా, చాలా మెల్లగా దిగాయి. అంతసేపు గాల్లో ఉందంటే ఎంత దూరం పోయుండాలి! అయినా ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. రాజలింగం చేతులు ఇంకా పైనే ఉన్నాయి మరి.

"దించవయ్యా సామీ, దించు!" అని గంగవ్వ చొక్కా పట్టి గుంజింది.

దించాడు. దించాక లేచిన మోత ఆయన చెవుడును కూడా దాటుకుని లోపలికి వచ్చింది. తిరిగి చూస్తే తెల్లజెండా ఎగురుతోంది. యాభై ఏడు మీటర్ల ఇరవై ఆరు. తిరుమల జీవితంలో అంత దూరం ఎప్పుడూ విసరలేదు. ఆ ఒక్క విసురుతో అట్టడుగు నుంచి మూడో స్థానానికి ఎగబాకింది.

తర్వాతి మూడు రౌండ్లూ రెండువందల మంది చేతులు తొడల కింద పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఒక జపాన్ అమ్మాయి జానెడు దూరం దాకా వచ్చింది గానీ దాటలేకపోయింది. కాంస్య పతకం సూరత్‌లోనే, ఉన్ గల్లీలోనే ఆగిపోయింది.

జెండా భుజాన వేసుకుని తిరుమల కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "బాపూ, చూసినవా? మూడోది చూసినవా?"

మోతలో మాట వినబడలేదు. పెదవులను బట్టి పోల్చుకున్నాడు. "చూడలే బిడ్డా. అటు తిరిగి ఉన్న" అని చెయ్యి తిప్పబోయి, ఒట్టు గుర్తొచ్చి ఆగి, వెనకే వచ్చిన స్వరాజ్యం మేడమ్ వైపు బిక్కమొహం వేశాడు.

మేడమ్ పెద్దగా నవ్వింది. "ఇగ మాట్లాడుకోండ్రి, అన్నా. ఎన్ని సైగలన్నా చేస్కోండ్రి."

తిరుమల తన విసురంతా కార్ఖానా భాషలో చెప్పింది. ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి, పై చేతిని మెల్లగా లేపింది. పోగులు నిండుగా తెరుచుకున్నాయి. ఆ సందులోంచి వేళ్లను రివ్వున తోసింది. నాడె ఎక్కడా తగలకుండా పోయింది. చివరికి గాల్లో బట్టను నిమిరినట్టు అరచేతిని అడ్డంగా లాగి, తల అటూ ఇటూ ఊపింది. ఒక్క గీత కూడా పడలేదు, బాపూ.

రాజలింగం కంచె పట్టుకుని, అంతమంది చూస్తున్నారని కూడా లేకుండా భోరున ఏడ్చాడు.

గంగవ్వ కొంగుతో ఆయన మొహం తుడిచింది. తుడిచి, కాస్త వినబడే ఆ కుడి చెవి దగ్గరికి వంగింది. "పిల్ల పుట్టిన్నాడు ఆపలే. ఇయ్యాల ఆపినవ్, అదీ రెండువందల సాంచాలు. ఇగ ఆ మాట నేను మళ్ల ఎత్తను."

రాజలింగానికి ఆ మాట సగం కాదు, మొత్తం వినబడింది. అయినా చెవి ఇంకా దగ్గరికి పెట్టి, "ఏందీ?" అన్నాడు, మళ్లీ ఒకసారి చెప్పించుకోవడానికి.