పిట్టల మేడ పక్కింటివాళ్ళు

మేడలోకి పిట్టలు దిగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి జుహ్రానికి కంటి మీద కునుకు లేదు. అవి రానన్నాళ్ళూ బాగానే నిద్రపోయాడు. రానిదాని గురించి దిగులుంటుంది గాని భయమేముంటుంది? వచ్చింది పోతుందేమోననే అసలు భయం.

మేడంటే మనుషులుండే మేడ కాదు. కిటికీల్లేని మూడంతస్తుల సిమెంటు డబ్బా. పైన పిట్టలు దూరడానికి ఒక కంత, గోడల నిండా గాలిగొట్టాలు. లోపల చీకటి, తేమ, కప్పుకు వరసగా కొట్టిన చెక్కపలకలు. ఆ పలకలకు పిట్టలు తమ ఉమ్మితో తెల్లటి గూళ్ళు కడతాయి. పిల్లలు ఎగిరిపోయాక ఆ గూళ్ళు కోసి అమ్మితే, ఎక్కడెక్కడి చీనావాళ్ళ సూపుల్లోకో వెళ్తాయి. పిట్టల్ని రప్పించడానికి వాటి అరుపునే స్పీకర్లలో వినిపించాలి. బయటి స్పీకరు పగలంతా, లోపలివి రాత్రింబవళ్ళు. చిర్ర్, చిర్ర్, చిర్ర్.

దానికోసం జుహ్రాని ఏటి అవతలున్న రబ్బరు తోట అమ్మేశాడు. అదీ చాలక, మక్కా యాత్రకని తనకూ భార్య మసితాకూ కట్టిన సొమ్ము వెనక్కి తీసుకున్నాడు. సొమ్ము మళ్ళీ కట్టుకోవచ్చు. కానీ వరసలో మళ్ళీ అందరికంటే వెనక నిలబడాలి. ఏళ్ళకేళ్ళు కాచుకుంటే గాని రాని పిలుపు అది. సంతకం పెట్టేటప్పుడు మసితా కలం అందుకుని, "నీ ఇష్టం, రీదా నాన్నా" అంది.

ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న మేడలో ఈ ఎండలు మొదలయ్యాక పిట్టలు దిగాయి. గూళ్ళు కొనే వర్తకుడు టార్చిలైటుతో లోపలికి వెళ్ళి చూసొచ్చాడు.

"కట్టడం మొదలెట్టాయన్నా. ఇప్పుడే జాగ్రత్త. గుడ్లు పొదిగేదాకా లోపలి సౌండు ఆగకూడదు. కొత్త పిట్టలు కొత్త కోడళ్ళ లాంటివి. చిన్న మాటకే పుట్టింటికి పోతాయి."

అతను అన్నట్టే అయింది. ఒక పూట కరెంటు పోయి, జనరేటరు మొరాయిస్తే, మర్నాడు సాయంత్రం గుంపు బాగా పలచబడింది. అప్పట్నుంచి జుహ్రాని జనరేటరు పక్కనే చాప వేసుకున్నాడు.

పక్కిల్లు పడవలు చేసే బహ్రున్‌ది. అతని తల్లి అలుహ్ అవ్వ గది కిటికీ సరిగ్గా మేడ గాలిగొట్టాలకు ఎదురుగా ఉంటుంది. మేడ లేచేటప్పుడు అవ్వ ఇంటింటికీ తిరుగుతూనే ఉంది. తర్వాత మంచం పట్టింది.

ఆ శుక్రవారం మసీదులో గురువుగారు, పొరుగువాడికి నీవల్ల నిద్ర లేనప్పుడు నీ నమాజు ఎవరికోసమని అడిగారు. అది అందరినీ అడిగిన మాటే అయినా జుహ్రానికి మాత్రం తన పేరు పెట్టి అడిగినట్టయింది. సాయంత్రం ఒక కొర్రమీను పట్టుకుని బహ్రున్ ఇంటికి వెళ్ళాడు.

"అమ్మకి ఎట్లా ఉంది తమ్ముడూ? రాత్రిళ్ళు మా సౌండు..."

"సౌండా? ఏం సౌండన్నా?" బహ్రున్ గొంతు పెంచి అరిచాడు. లేకపోతే స్పీకరు మోతలో వినపడదు. "మాకు తెలీనే తెలీదు! అమ్మకి సగం చెవుడు. మా ఆవిడకైతే అది లేకపోతే నిద్రే పట్టదు."

"నిజంగా?"

"ఇంత చిన్నదానికి ఒట్టు కూడానా! కూర్చో, టీ తాగు."

జుహ్రాని టీ తాగి, తేలికపడి ఇంటికొచ్చాడు. మసితా కత్తిపీట ముందు కూర్చుని చేపల పొలుసు తీస్తోంది.

"ఏమన్నాడు?"

"ఫర్వాలేదన్నాడు."

"నువ్వు వాళ్ళింటికి నిప్పంటించి అడిగినా 'ఫర్వాలేదన్నా, అరటికాయలు కాల్చుకుంటాం' అంటాడు."

"వాడే ఫర్వాలేదంటే నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యకు. కావలసిన మాట విన్నావుగా. హాయిగా పడుకో."

మర్నాడు పొద్దున రేవులో తెప్ప మీది టీకొట్టుకు వెళ్తే, కొట్టు నడిపే ఇయా పిన్ని అతని వైపు చూడకుండా గ్లాసు కడుగుతూ అంది:

"మీ పక్కింటివాళ్ళు పెందలాడే బయల్దేరారే."

"ఎక్కడికి?"

"ఏటి ఎగువకి, హస్నా ఇంటికి. ముసలమ్మని పడవలో పడుకోబెట్టుకుని పోయాడు."

"అవ్వ కూతుర్ని చూసి రావడానికేమో."

"చూసి రావడానికి పోయేవాళ్ళు పరుపు, దోమతెర, నమాజు చాప కట్టుకుపోతారా? నేను మాత్రం ఏం చెప్పలేదు నాయనా. బజ్జీ పెట్టనా?"

జుహ్రానికి నోట్లో టీ చేదెక్కింది. వాళ్ళు తనతో ఒక్క మాట అనలేదు. అనడం కంటే మంచం పట్టిన తల్లిని ఊరు దాటించడమే వాళ్ళకి సులువైంది. గ్లాసు సగంలో వదిలేసి, ఎగువకి వెళ్ళే జనాల పడవ ఎక్కాడు.

ఏట్లో నీళ్ళు తగ్గిపోయాయి. పడవ ఇసుక దిబ్బలు తప్పించుకుంటూ నత్తలా పోతోంది. ఇప్పుడు ఇంటి దగ్గర కరెంటు పోతే? మసితా ఒక్కతే జనరేటరు తాడు లాగగలదా? అవ్వ పరాయి ఊళ్ళో కన్నుమూస్తే? ఒక భయం కాస్త సర్దుకునేలోపు రెండోది లేచేది. మేడ కట్టే ముందు అతను గురువుగారి దగ్గరికి వెళ్ళి, దొంగగొంతుతో పిట్టను పిలవడం తప్పా అని అడిగాడు. రావడం రాకపోవడం పిట్ట ఇష్టం కదా అన్నారాయన. ఆ జవాబుతో సంతోషపడి లేచొచ్చాడు. రెక్కలున్నదాని ఇష్టం గురించి అడిగాను గాని, అవ్వ మంచం పట్టాకైనా, కదలలేని మనిషి గురించి ఎందుకు అడగలేదు? అడిగితే ఏం జవాబొస్తుందో తెలిసేనా?

పడవ దిబ్బకు తట్టుకుని ఆగింది. మగవాళ్ళంతా లుంగీలు ఎగ్గట్టి దిగి తోశారు.

"పిట్టల షావుకారు కూడా బురదలో దిగాడ్రోయ్! ఇంకెన్నాళ్ళన్నా? రేపో మాపో స్పీడుబోటు కొంటావుగా!" అన్నాడొకడు.

అందరితో పాటు జుహ్రాని కూడా నవ్వాడు.

హస్నా ఇంట్లో చాప పరిచారు, తీపి రొట్టెలు పెట్టారు. వాకిట్లో బహ్రున్ అతన్ని చూసి తడబడి, వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"అమ్మ మనవల మీద బెంగ పెట్టుకుందన్నా. అందుకే..."

"ఔనౌను, నేనే రమ్మన్నా. సౌండు గురించి అసలు కాదు" అంది హస్నా. సౌండు గురించి అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

"మనసులో ఏమీ పెట్టుకోకు తమ్ముడూ. ఉన్నది చెప్పు."

"ఉన్నదే చెప్తున్నా అన్నా."

లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. "చాల్లే ఊరుకోండిరా. జుహ్రానీ, ఇట్రా."

అవ్వ గోడకు జారగిలబడి ఉంది. ఎండిపోయిన చెయ్యి అతని మోకాలి మీద వేసింది.

"నీ డబ్బా నా తలకాయలో గీపెడుతోందిరా."

"అమ్మా!" అన్నాడు బహ్రున్.

"నువ్వు నోర్ముయ్. వీడి బొడ్డు కోసింది నేను. వీడి దగ్గర నాకు మర్యాదేంటి? నిజం పిట్టయితే ఊపిరి తీసుకోవడానికన్నా ఆగుతుంది. నీది ఆగదు."

"ఆపేస్తానవ్వా."

"ఆపితే పిట్టలు పోతాయటగా?"

"పోతాయేమో."

"పోయాక నా సమాధి దగ్గరికొచ్చి తిట్టుకుంటావా?"

తిట్టుకోనని చెప్పడానికి నోరు తెరిచాడు.

"తిట్టుకుంటానేమో అవ్వా."

బహ్రున్ తల దించుకున్నాడు. అవ్వకు నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక అంది: "ఇక్కడికి రాగానే నిద్ర పట్టేసిందిరా. అదే నా భయం. నాది కాని ఇంట్లో నిద్రపోతే, మళ్ళీ లేవనేమోనని."

అవ్వని తీసుకుని తిరుగు ప్రయాణం బహ్రున్ పడవలోనే. అవ్వ పరుపు అంచు పట్టుకుని కూర్చున్న జుహ్రానికి దారి పొడుగునా చెవులు ముందుకే పరిగెత్తాయి. మలుపు తిరగ్గానే చిర్ర్‌మన్న చప్పుడు అందింది. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

మసితా జనరేటరులో నూనె పోసి, చేతులు తుడుచుకుంటోంది. అతను జరిగిందంతా చెప్పాడు.

"ఆపమంటావా?"

"నన్నడక్కు. అడిగితే నీ ఇష్టం అంటా. నేనూ ఈ ఊరిదాన్నే."

"మక్కా వరసలోంచి నీ పేరు తీయించిన రోజు కూడా అందుకే అన్నావా?"

ఆమె తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది. "ఆ రోజు బియ్యం కడుగుతూ ఏడ్చాను. నీళ్ళ చప్పుడులో నీకు వినపళ్ళేదు."

అతను స్పీకర్ల మీటల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇవాళైనా నిజం చెప్పు."

"ఆపొద్దనే ఉంది. నాకు భయమేస్తోంది. అవి కూడా పోతే మనకి అటూ లేదు, ఇటూ లేదు." ఆగి, పక్కింటి వైపు చూసింది. "అయినా ఆపెయ్. రాత్రిళ్ళు ఆవిడ మూలుగు నేనూ వింటున్నా."

బయటి మీట ముందు నొక్కాడు. లోపలి మీట మీద వేలు పెట్టి, బిస్మిల్లా అనబోయి ఆగిపోయాడు. పని మొదలుపెట్టేటప్పుడు అనే మాట, ఆపడానికి అనొచ్చా? మనసులోనే అనుకుని నొక్కేశాడు.

ఊరు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది. ఎక్కడో పడవ ఇంజను, ఎవరింట్లోదో పసిపిల్ల ఏడుపు. అంతలో పక్కింటి మెట్ల మీంచి బహ్రున్ కేక.

"అన్నా! కరెంటు పోయిందా? మా మీటరు నుంచి తీగ లాగనా?"

"పోలేదు తమ్ముడూ. నేనే ఆపాను."

"ఎందుకన్నా, మాకేం ఇబ్బంది లేదు..."

"నోర్ముయ్ రా బహ్రూ!" అంది లోపలి నుంచి అవ్వ.

పొద్దు వాలింది. ఏటి మీదుగా పిట్టలు నల్లటి పొగలా వచ్చాయి. మేడ మీద ఒక చుట్టు తిరిగాయి, మరో చుట్టు తిరిగాయి. రోజూ ఈ పాటికి కంతలోకి జారిపోయేవి, ఇవాళ పిలుపు లేక పైకి లేచాయి, పక్కకి ఒరిగాయి. జుహ్రాని చెయ్యి తనంతట తానే మీట వైపు పోయింది. అప్పుడే మసీదు నుంచి సాయంత్రపు నమాజు పిలుపు మొదలైంది. నిలబడి చూడాలని ఉంది. నిలబడితే ఆ చెయ్యి ఆగదని తెలుసు. ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, తల పైకెత్తకుండా నడిచి వెళ్ళిపోయాడు. నమాజులో ఎన్నిసార్లు వంగాడో అతనికే గుర్తు లేదు. ఇలాంటి నమాజు చెల్లుతుందా అని అడగడానికి ధైర్యం చాలలేదు.

తిరిగొచ్చేసరికి మసితా మెట్ల మీద కూర్చుని ఉంది.

"చెప్పనా?"

"చెప్పు."

"చాలా పోయాయి. అవతలి గట్టున ఉన్న ఇంకో పిట్టల మేడ వైపు. కొన్ని కంతలో దూరాయి. ఎన్నో తెలీదు, చీకటి పడిపోయింది."

అతను ఆమె పక్కన కూలబడ్డాడు. అవతలి గట్టు నుంచి ఇంకెవరి స్పీకరో సన్నగా వినిపిస్తోంది. ఇన్నాళ్ళూ గుడ్డలు కుక్కిన అవ్వ కిటికీ బార్లా తెరిచి ఉంది. అందులోంచి గుర్రు, మధ్య మధ్య ఆగుతూ. అది ఆగినప్పుడల్లా ఇద్దరూ తల తిప్పి అటు చూశారు.

మేడ లోపల ఏదో టకటకమంది. జుహ్రాని టార్చిలైటు అందుకుని లేవబోయాడు.

మసితా అతని లుంగీ చెంగు పట్టుకుంది. "కూర్చో. పిట్టయితే బెదురుతుంది. బల్లి అయితే రేపు తెలుస్తుంది."