ఏడంగుళాల ఎత్తు

మిద్దె మీదికి మెట్లు కడతారని తెలిసిన నాటి నుంచి మహాదేవికి ముద్ద దిగడం లేదు. కోడుమూరులో ఆ ఇల్లు రెండు భాగాలైంది. కింది ఇల్లు ఆమె కొడుకు సోమశేఖర్‌కు, పైన కొత్తగా కట్టేది బావగారి కొడుకు గోపీనాథ్‌కు. అంటే తోడికోడలు గిడ్డమ్మ పైకి పోతుంది. నలభై ఆరేళ్లు గిడ్డమ్మ కండెలు చుట్టింది, మహాదేవి చీరలు నేసింది. మగ్గం చప్పుడు ఆగితే ఒకరి ఊపిరి ఒకరికి వినబడేది. ఇప్పుడు గిడ్డమ్మ మోకాళ్లు అరిగిపోయాయి, మహాదేవి తుంటిలో ఇనుప కడ్డీ ఉంది. మెట్లు నిటారుగా కట్టారంటే ఒకే ఇంట్లో ఉండి ఒకరి మొగం ఒకరు చూడలేరు.

"పుల్లన్నా, మెట్టు ఎత్తు ఎంత పెడతాండావు?"

"తొమ్మిదంగుళాలు. జాగా ఉండేదే అంత, పెద్దమ్మా," అన్నాడు మేస్త్రీ.

మెట్ల కొలతల గురించి పేపర్లో పడిన ముక్కను ఆమె కత్తిరించి దాచుకుంది. ఎత్తు ఏడంగుళాలు దాటకూడదు, పాదం ఆనే వెడల్పు పదకొండు ఉండాలి, మెట్లన్నీ ఒకటే కొలత. చదివి వినిపించింది.

"మగ్గం దిగి మేస్త్రీ పనికొచ్చినావా? నా కూలి పోగొడతావే," అని నవ్వాడు పుల్లన్న.

మహాదేవి నవ్వలేదు. అంగుళం మందం ఉన్న బేతంచెర్ల బండ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి గిడ్డమ్మను ఎక్కమంది.

"కోడిపెట్టను గంపెక్కించినట్ల ఎక్కిస్తాండావు గదే," అంటూనే గిడ్డమ్మ ఐదింటి మీదికి ఎక్కింది. గోడ పట్టుకొని ఏడింటి మీదికీ ఎక్కింది. ఎనిమిదోది పెట్టేసరికి కాలు లేవలేదు.

ఏడంగుళాల లెక్కన పదిహేడు మెట్లు. లాభం, నష్టం, లాభం అని ఎంచుకుంటూ పోతే చివరి అడుగు లాభంలో పడుతుంది. అందరూ సరేనన్నారు. కానీ అన్ని మెట్లు పట్టాలంటే మధ్యలో మలుపు కావాలి. ఆ మలుపు పడేది సరిగ్గా మగ్గం గుంత మీద.

"మగ్గం తీసేస్తే నువ్వేం చేస్తావమ్మా?" అన్నాడు సోమశేఖర్.

"ఊరికే కూచుంటా. మీ పెద్దమ్మ దిగొస్తే ఇద్దరం కూచుంటాం."

మగ్గం విప్పారు. గుంతలో మొదటి గంప మట్టి మహాదేవే పోసింది. మెట్లు లేచాక పదిహేడింటినీ కొలబద్ద పెట్టి కొలిచింది. అన్నీ ఏడే. ఆ పూట కడుపు నిండా తినింది.

గృహప్రవేశానికి పది రోజులుందనగా వాన పడి వీధి నీళ్లు లోపలికి వచ్చాయి. ఒక్క వానకే గుంతలో పోసిన మట్టి కుంగి, చుట్టూ నేల బీటలిచ్చింది. సోమశేఖర్ ఇంటి నేలంతా ఆరంగుళాలు ఎత్తు లేపి, దాని మీద అంగుళం మందం కొత్త బండలు పరిపించాడు. కింది మెట్టు ఆ బండల్లో మునిగిపోయింది.

గోపీనాథ్ ఎంచుకుంటూ పైకెక్కాడు. పదహారు. నష్టం.

"నష్టంలో కాలు పెట్టి కొత్తింట్లోకి పోయేదెట్ల చిన్నమ్మా?"

"ఒకటి కలపండి నాయనా, తగ్గించొద్దు."

"కలపాలంటే అన్నీ పగలగొట్టి మళ్లీ కట్టాల," అన్నాడు పుల్లన్న. "ముహూర్తం మూడునాళ్లే ఉండాది. పై మెట్టు ఒకటి కొట్టేస్తే అయిపోతాది."

పోనీలే, నష్టమే ఉండనీ అనే మాట మహాదేవి నాలుక చివరిదాకా వచ్చింది. కొత్తింటి గడప ముందు ఆ మాట ఎట్లా అంటుంది? రేపు ఏమన్నా జరిగితే? పుల్లన్న ఇటుకలు కొట్టేసి సిమెంటు పూశాడు. మెట్లు పదిహేనై లాభంలో పడ్డాయి, చివరి అడుగు ఎత్తు పద్నాలుగంగుళాలైంది.

గృహప్రవేశం నాడు గిడ్డమ్మను కుర్చీలో మోసుకుపోయారు. "పల్లకీలో పెండ్లికూతురు లెక్క ఉండానా?" అని కిందికి చూసి అడిగింది. అందరూ నవ్వారు. నెల దాటినా ఆమె దిగలేదు.

ఒకనాడు మహాదేవి సోమశేఖర్‌తో ఏడు బండ ముక్కలు పైకి మోయించి, ఆఖరి మెట్టు మీద పేర్పించింది. వాడు అంగడికి పోయాక గోడ పట్టుకొని, మలుపులో కూర్చొని లేచి, తానూ అక్కడిదాకా ఎక్కింది.

"అక్కా, దీని మీద కాలు పెట్టి దిగు. ఏడంగుళాలే."

గిడ్డమ్మ అంచున కూర్చొని కాలు చాపింది. మడమ బండకు తాకింది. తాకి ఆగింది. ఆమె పెదవులు కదిలాయి.

"మళ్లీ పదహారైతాది కదే."

"మెట్టు కాదక్కా, ఉత్త రాళ్లు."

"కాలు పెడితే మెట్టే." గిడ్డమ్మ కాలు వెనక్కి తీసుకుంది. "గోపీ మొన్ననే యాపారం మొదలుపెట్టినాడు. తీసెయ్, మహాదేవీ."

మహాదేవి వంగలేకపోయింది. గిడ్డమ్మే చెయ్యి చాచి, ఒక్కొక్కటే తీసి తన పక్కన పెట్టుకుంది.

"వంట చేసినావా?" అంది గిడ్డమ్మ.

"చెయ్యాల."

మహాదేవి దిగసాగింది. ఒకప్పుడు మగ్గం ఉన్న చోటికి వచ్చి, మలుపులో నిలబడి చూసింది. పైన అంచు మీద గిడ్డమ్మ పాదాలు మాత్రం కనబడ్డాయి. ఇంకొక మెట్టు దిగితే అవీ కనబడలేదు.