శేషం ఒకటి

…అయినా ఒక్కరంటే ఎంత, తొంభై రోజుల్లో ఎక్కి దిగిన ఇన్ని వేల జనంలో ఒక్కరు లెక్కకు అందకపోతే కొంపేం మునిగింది అని ఇంకొకడైతే వదిలేసేవాడు. నేను వదల్లేదు. వదలకపోవడమే నా ఉద్యోగం అని పైకి అనుకుంటున్నాను. లోపల ఇంకేదో అనుకుంటున్నానని కూడా తెలుసు, కానీ అటు తిరిగి చూడడం లేదు. పక్కగదిలో ఎవరో కదులుతున్న చప్పుడు వింటూ కూడా లేచి తలుపు తీయని మనిషిలా కూర్చుని, తెర మీద అంకెలు చూస్తున్నాను.

పెద్దరోడ్డులో ఒక వరుసను కార్ల దగ్గర్నుంచి తీసుకుని బస్సులకు ఇచ్చారు. దాని పక్కనే సన్నటి ఆకుపచ్చ పట్టీ వేసి సైకిళ్ళకు ఇచ్చారు. తొంభై రోజుల ప్రయోగం. జనం చాలినంతమంది ఎక్కితే ఈ ఏర్పాటు ఉంటుంది. లేకపోతే పట్టీ చెరిపేసి, రోడ్డంతా మళ్ళీ కార్లకే. ఎక్కేవాళ్ళను బస్సు ముందు తలుపు పైన బిగించిన యంత్రం లెక్కపెడుతుంది, దిగేవాళ్ళను వెనక తలుపు పైనున్నది. ఆ లెక్క నమ్మదగ్గదా కాదా అని రాసి సంతకం పెట్టవలసింది నేను. నమ్మదగ్గది అని రాస్తే బస్సు ఉంటుంది, జనం చాలినంతమందీ ఉన్నారు గనుక. కాదని రాస్తే ఆ జనమంతా లేనట్టే.

యంత్రం అన్నాక తప్పులు చేస్తుంది. పెద్ద గొడుగును మనిషి అనుకుంటుంది. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లిని ఒక్కరే అనుకుంటుంది. అందుకని ట్రిప్పు అయ్యాక ఖాళీ బస్సులో కూడా ఒకరో ఇద్దరో మిగిలినట్టు చూపిస్తుంది, ఒక్కోసారి ఉన్నవాళ్ళకన్నా ఎక్కువమంది దిగిపోయినట్టు చూపిస్తుంది. ఆ మిగిలినదాన్ని మేం శేషం అంటాం. చివరి స్టాపులో డ్రైవరు ఒక మీట నొక్కి దాన్ని సున్నా చేస్తాడు. దానికి డిపోలో పేరు 'దులపడం'. దులిపేసినదాన్ని మళ్ళీ ఎవరూ చూడరు. నేను పాత లెక్కలన్నీ తెప్పించి చూశాను. మిగతా ట్రిప్పుల్లో శేషం ఇష్టమొచ్చినట్టు ఉంది. పొద్దున ఆరూ పది బస్సులో మాత్రం ప్రతిరోజూ ఒకటి. రెండు కాదు, సున్నా కాదు. ఎవరో ఎక్కుతున్నారు, దిగడం లేదు. ఎక్కుతున్నది మా వీధి చివర ఉన్న స్టాపులో; అక్కడ యంత్రం రోజూ ఇద్దరిని లెక్కపెడుతోంది.

ఆ వేళకు ఆ స్టాపులో ఎక్కేది మా అక్క ఒక్కతే.

అక్క పెద్దాసుపత్రి కుట్టుగదిలో పనిచేస్తుంది. చిరిగిన దుప్పట్లు, డాక్టర్లు వేసుకునే గౌన్లు కుడుతుంది. ఎడమకన్ను పోయి పదకొండేళ్ళయింది. అప్పట్నుంచీ పొద్దున ఆసుపత్రి దగ్గర దింపడం, సాయంత్రం తీసుకురావడం నా పని. ఇంట్లో మేమిద్దరమే. కారులో మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆ మౌనంలో ఒకరికొకరం అర్థమవుతున్నాం అని నేను అనుకునేవాణ్ణి. బస్సు మొదలైన మర్నాడు తను కారెక్కకుండా వీధి చివరికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి, "బస్సులో బాగుందిరా" అంది. అంతే. ఆ మాటకు నా ముఖం ఎందుకంత చిన్నబోయిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత పక్కసీటులో నా సంచీ పెట్టుకుంటున్నాను. సంచీ బరువుకు కారు అక్కడెవరో కూర్చున్నారనుకుని బెల్టు పెట్టుకోమని మోగుతుంది. సంచీ వెనకసీట్లో పడేస్తే సరిపోయేది. నేను ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి బిగిస్తున్నాను. ఎనభై ఎనిమిది రోజులుగా.

"ఏం గురువుగారూ, ఇంకా ఆ దయ్యాన్ని పట్టుకునే ఉన్నారా, అదే మిమ్మల్ని పట్టుకుందా?"

మా ఆఫీసు చిన్న ఇంజినీరు. సైకిలు మీద వస్తుందని అందరూ సైకిలమ్మాయి అంటారు. తలమీది టోపీ ఇంకా తీయలేదు, చెవుల పక్కన చెమట కారుతోంది.

"శేషం ఒకటి వస్తోంది," అన్నాను.

"యంత్రానికి చత్వారమేమో."

"రోజూ ఒకే చోట, ఒకే నిమిషానికా?"

"అయితే వెళ్ళి చూడండి. తొంభై రోజులుగా బస్సు గురించి రాస్తున్నారు. ఒక్కసారైనా ఎక్కారా?"

"కారుంది కదా."

"ఉందిలెండి. బస్సు ఉండాలా పోవాలా అని తేల్చేవాళ్ళందరికీ ఉంది," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "రేపు పదింటికల్లా ఇవ్వాలి మీరు. ఒక్క మాట రాస్తే పోతుందది. చూసుకోండి," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ ఒక్క మాట రాశాను. 'యంత్రపు లెక్క నమ్మదగినది కాదు.' అబద్ధం కాదు. ప్రతిరోజూ లేని మనిషిని చూస్తున్న యంత్రాన్ని ఎవరు నమ్ముతారు? కింద సంతకానికి చోటు వదిలి, కాగితం సంచీలో పెట్టుకున్నాను. మనసు తేలికపడింది. ఆ తేలికే నన్ను భయపెట్టింది.

ఇంటికి వెళ్ళేసరికి అక్క దీపం దగ్గర జేబురుమాలు అంచు కుడుతోంది.

"బస్సు ఉంటుందిరా?"

"లెక్క తేలాలి."

"తేలకపోతే?"

"నేనున్నాగా దింపడానికి."

సూది గుడ్డలో సగం దిగి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. "ఊ," అంది అక్క. ఆ తర్వాత ఇద్దరం అన్నాలు తిన్నాం. చెంబులు, గిన్నెలు, కుళాయి, అన్నీ మాట్లాడాయి, మేం తప్ప.

మర్నాడు తనకన్నా ముందే లేచి కారు తీశాను. మా స్టాపుకు ముందున్న స్టాపు పక్క సందులో కారు ఆపాను. తెల్లవారింది కానీ పొగమంచు విడలేదు. ఆకుపచ్చ పట్టీ మీద సైకిళ్ళు వస్తున్నాయి, ముందు చిన్న దీపం, వెనక మనిషి ఆకారం, గొలుసు తిరిగే సన్నటి చప్పుడు, అంతే. ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు మీద నేను విన్నది నా ఇంజను చప్పుడే. అది లేకపోతే ఈ ఊరు ఇంత మెల్లగా మాట్లాడుతుందని నాకు తెలియదు. ఎవరో దగ్గారు. ఎవరో ఇంకెవరినో పేరు పెట్టి పిలవకుండానే "ఏమోయ్, లేటు!" అన్నారు. రెండు దీపాలు పక్కపక్కనే సాగిపోయాయి.

ఆరూ పది బస్సు ఆరూ పన్నెండుకు వచ్చింది. ఎక్కి, డ్రైవరు వెనకే నిలబడ్డాను. లోపలెంతమంది ఉన్నారో చూపించే చిన్న తెర ఆయన ముందుంది. నాతో కలిపి పందొమ్మిది. తలలు లెక్కపెట్టాను. పందొమ్మిది. యంత్రం కళ్ళు బాగానే ఉన్నాయి.

మా స్టాపు వచ్చింది. పొగమంచులో అక్క ఒక్కతే నిలబడి ఉంది, సంచీ గుండెలకు హత్తుకుని. తలుపు తెరుచుకుంది. అక్క ఎక్కింది. తెర మీద ఇరవై. ఊపిరి వదలబోయాను. తలుపు వెంటనే మూసుకోలేదు. డ్రైవరు అద్దంలోకి చూస్తూ ఎవరికోసమో ఆగినట్టు ఒక్క క్షణం ఆగాడు. అంకె ఇరవై ఒకటి అయింది. అప్పుడు తలుపు మూశాడు.

"ఎందుకాగారు?" అన్నాను.

"ఆగానా?" అన్నాడాయన. "అలవాటండీ."

అక్క నా పక్క నుంచే వెళ్ళింది. నేనున్నది తన ఎడమవైపు. నాలుగో వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. వెనక ఎవరో "టైలరమ్మగారూ, నా బొత్తాం?" అని కేకేశారు. "కుట్టా, కుట్టా, నీ పొట్ట తగ్గించుకోకపోతే మళ్ళీ ఊడుతుంది," అంది అక్క. బస్సంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. నేనెప్పుడూ వినని నవ్వు అనను. చిన్నప్పుడు విన్నాను, తర్వాత మర్చిపోయాను.

తర్వాతి రెండు స్టాపుల్లో జనం ఎక్కువయ్యారు. సీట్లు నిండి, నిలబడేవాళ్ళు నిలబడ్డారు. అక్క పక్కన, తన ఎడమచేతి వైపు సీటు మాత్రం ఖాళీగానే ఉంది. ఎవరూ దాని వైపు చూడను కూడా లేదు. నా పక్కన ఒక నర్సు కళ్ళు మూసుకుని కమ్మీ పట్టుకుని ఊగుతోంది.

"అక్కడ ఖాళీ ఉందమ్మా, కూర్చోండి," అన్నాను.

కళ్ళు తెరిచి చూసింది. "ఖాళీ ఎక్కడుందండీ? ఆవిడ తమ్ముడు కూర్చుంటాడక్కడ."

"తమ్ముడా?"

"రోజూ వస్తాడుగా ఆవిడతో. పలకడు, ఉలకడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో!"

"మీరు చూశారా ఆయన్ని?"

"చూడ్డమేంటండీ, రోజూ చూసేదేగా." అని ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఎలా ఉంటాడంటే చెప్పలేను గానీ… ఉంటాడు."

"ఎక్కడ దిగుతాడు?"

"అదేంటో. ఆయన దిగడం ఎప్పుడూ చూళ్ళేదు." నావైపు తిరిగి, నా ముఖాన్ని చూడవలసినదానికన్నా ఎక్కువసేపు చూసింది. తర్వాత ఏమీ అనకుండా కమ్మీ పట్టుకున్న చెయ్యి మార్చుకుని, నాకు ఒక అడుగు దూరం జరిగింది.

కిటికీ వైపు తిరిగాను. బస్సు బయట కార్ల వరుస కదలకుండా నిలిచి ఉంది. ఒక్కో కారులో ఒక్కో మనిషి, ముందుకు చూస్తూ. అద్దాల వెనక వాళ్ళు మేల్కొని ఉన్నారో లేదో తెలియడం లేదు. నేను ప్రతిరోజూ ఈ వేళకు ఆ వరుసలోనే ఎక్కడో ఉండేవాణ్ణి. ఉండేవాణ్ణని నా నమ్మకం. స్టీరింగు మీద చేతులైతే ఉండేవి. మిగతాది ఎక్కడుండేదో ఎన్నడూ చూసుకోలేదు.

జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళాను. నాలుగో వరుస దగ్గరికి వచ్చేసరికి వాళ్ళంతట వాళ్ళే దారిచ్చారు. కూర్చున్నాను. సీటు వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో లేచి వెళ్ళినంత వెచ్చగా.

అక్క తల తిప్పలేదు. కిటికీలోకి చూస్తూనే మెల్లగా, అలవాటైన మాటలు అంటున్నట్టు అంది:

"ఇవాళైనా మాట్లాడతావా? వద్దులే. కారులో పదకొండేళ్ళు ఏం మాట్లాడావు గనక."

సంచీ ఒళ్ళోకి తీసుకున్నాను.

"కోపంతో ఎక్కలేదురా బస్సు. నువ్వు మంచివాడివే, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. కానీ తాళం నీ చేతిలో, తలుపు నీ చేతిలో. నాకు పోయింది ఒక్క కన్నే. నువ్వు మొత్తం మనిషే పోయినట్టు నన్ను మోసుకు తిరిగావు." పక్కనుంచి ఒక సైకిలు దాటిపోయింది. అక్క దాన్ని చివరిదాకా చూసింది. "ఇదివరకు కుట్టుగదిలో ఎవరు దింపారమ్మా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు అడగడం లేదు. వచ్చానంటే వచ్చాను. ఇంట్లో చెబితే నీ ముఖం చిన్నబోతుంది. ఇక్కడ నీకు చెప్పడం తేలిక."

ఇక్కడి నేనెవరు అని అడగాలనిపించింది. అడిగితే తను ఇటు తిరుగుతుంది. తిరిగితే ఆ ఒక్క కంటికి ఏం కనిపిస్తుందో నేను భరించగలనో లేదో తెలియలేదు.

"నువ్వు ఏం రాస్తావో నాకు తెలుసు," అంది. "రాసుకో. నిన్నేం అనను. మళ్ళీ కారెక్కుతాను. ఈ సీట్లో నీతో మాట్లాడినట్టు మాత్రం అక్కడ మాట్లాడలేను."

పెద్దాసుపత్రి వచ్చింది. అక్క లేచింది. నన్ను దాటుతూ, పడకుండా, నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడ మనిషి ఉన్నాడని తెలిసి వేసిందో, రోజూ అక్కడే వేస్తుందో. మిగతావాళ్ళ మధ్య తన తల వెనక తలుపు దాకా కనిపించింది, తర్వాత పొగమంచులో కలిసిపోయింది. తన వెనక నుంచి ఎవరో "టైలరమ్మగారూ, ఆగండాగండి!" అంటున్నారు.

జనం దిగుతూ పోయారు. చివరి స్టాపు వచ్చేసరికి బస్సులో డ్రైవరూ నేనే. ఆయన ఇంజను ఆపి, తెర వైపు చెయ్యి చాచి, అద్దంలో నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దులపాలండీ," అన్నాడు, ఇబ్బందిగా.

"ఒక్క నిమిషం," అన్నాను. ఆ సీట్లో నా గొంతు వినడం అదే మొదటిసారి. అది నా పక్క నుంచి వచ్చినట్టుంది.

సంచీలోంచి కాగితం తీసి మోకాలి మీద పరిచాను. నిన్న రాసిన వాక్యం నా దస్తూరీలోనే ఉంది, తప్పేమీ లేకుండా, గుండ్రంగా. కలం మూత తీసి, చివర ఉన్న 'కాదు'ను అడ్డంగా కొట్టేశాను.