చల్లారకూడని బ్యాటరీ

సమ్మె మొదలై రెండు గంటలైంది. ఉక్కు ప్లాంటు లోపల కోక్ ఓవెన్ బ్యాటరీ, అంటే కొలుముల వరస, వేడి పడిపోతోంది.

గేటు బయట ముప్ఫై రెండు మంది హీటింగ్ కార్మికులు. వాళ్ల ముందు యూనియన్ కార్యదర్శి భీమశంకరరావు.

బొగ్గును కోక్‌గా మార్చే ఆ కొలుములు ఒక్కసారి చల్లబడితే లోపలి ఇటుకలు పగులుతాయి. తిరిగి కట్టడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ప్లాంటులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ సమ్మెకైనా యూనియనే ఒక జాబితా ఇస్తుంది. అందులోని వాళ్లు హాజరు వేయకుండా లోపలికి వెళ్లి మంటలు కాపాడతారు. జీతం అడగరు.

ఈసారి గేట్లు కొత్తవి. వేలిముద్ర వేస్తేనే తిరుగుతాయి.

"వేలు పెట్టి వెళ్లండి. అంతేగా?" అన్నాడు పర్సనల్ ఆఫీసర్ మోహనకృష్ణ, గేటు అవతల నిలబడి.

"పెడితే డ్యూటీకొచ్చినట్టు రాసేత్తారు. పదింటికల్లా సమ్మె ఫెయిలని టీవీలో సెప్పిస్తారు. మాకు తెల్దేటి సార్?" అన్నాడు భీమశంకరరావు.

"మీ ఇష్టం. బ్యాటరీ పగిలితే మాత్రం పగలగొట్టింది యూనియనే."

అప్పలసూరి వచ్చి భీమశంకరరావు చెవిలో గొణిగాడు. కొలుములకు గ్యాసు వదిలే వాల్వుల దగ్గరే ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి. "బావా, కంట్రోల్ రూం ఇంజనీరుకి ఫోన్ సేసినాను. పన్నెండొందల డిగ్రీల కిందకొచ్చేసిందంట. ఆడొక్కడే ఏగలేక సస్తన్నాడు. ఏటి సేద్దాం?"

కూర్మన్నపాలెం జంక్షన్‌లో టెంటు కింద వేలమంది కూర్చుని ఉన్నారు. ఒక్కరూ డ్యూటీకి పోలేదు. ఇంకో ఇరవై రోజుల్లో భీమశంకరరావు రిటైర్మెంట్. పాతికేళ్ల నాయకత్వంలో పది చార్జిషీట్లు, ఒక సస్పెన్షన్. పదకొండోది ఇప్పుడొస్తే ఉద్యోగంతోపాటు ఇన్నేళ్ల సర్వీసు డబ్బులన్నీ పోతాయి.

ఫోన్ తీశాడు.

"ఫైర్ కంట్రోలా? కోక్ ఓవెన్స్‌లో ఎమర్జెన్సీ. గేటు తెరవండి. నా పేరు భీమశంకరరావు. టోకెన్ నంబరు కూడా సెప్తన్నాను, రాసుకోండి."

సైరన్ మోగింది. సైరన్ మోగితే ఎమర్జెన్సీ గేటు తాళం తీయాల్సిందే. అక్కడ వేలిముద్రలు ఉండవు. కంపెనీ రాసుకున్న నిబంధనే అది.

"తప్పుడు అలారం! డిస్మిస్ చేయిస్తా!" మోహనకృష్ణ అరిచాడు.

అప్పలసూరి చేయి పట్టుకున్నాడు. "బావా, నీ సర్వీసంతా గోవిందా."

"ముందు వాల్వులు సూడు. గోవిందుణ్ణి తర్వాత సూద్దాం. పరిగెట్టు!"

ఎనిమిది నిమిషాల్లో ముప్ఫై రెండు మందీ వాల్వుల దగ్గరున్నారు. వాళ్లతోపాటు చొక్కా విప్పి భీమశంకరరావు కూడా. మధ్యాహ్నానికి వేడి చూపే మీటరు ముల్లు మళ్లీ పన్నెండొందలు దాటింది. హాజరు లెక్కలో ఆ రోజు కార్మికుల సంఖ్య సున్నా.

నాలుగో రోజు చార్జిషీటు వచ్చింది. ఎమర్జెన్సీ లేకుండా అలారం మోగించిన మిమ్మల్ని ఎందుకు తొలగించకూడదు?

భీమశంకరరావు అక్కడే నిలబడి జవాబు రాశాడు. 'ఆ ఉదయం ఎమర్జెన్సీ లేదని కంట్రోల్ రూం ఇంజనీరు సంతకం పెడితే నా తప్పు ఒప్పుకుంటాను.'

కాగితం ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. అతను రెండుసార్లు చదివి, సంతకం పెట్టకుండా పెన్ను వెనక్కి ఇచ్చేశాడు. అతని పైవాడూ అంతే. పైవాడి పైవాడికి ఆ రోజు జ్వరం వచ్చింది. చార్జిషీటు అక్కడే ఆగిపోయింది.

ఇరవయ్యో రోజు, వీడ్కోలు సభలో మోహనకృష్ణ ఒక సర్క్యులర్ తెచ్చి చేతికిచ్చాడు. ఇకపై సమ్మె రోజుల్లో యూనియన్ జాబితాలోని వాళ్లకు ఎమర్జెన్సీ గేటు తెరవాలి.

భీమశంకరరావు కాగితం చివర చూశాడు.

"దీనిమీద సంతకం ఉంది సార్," అన్నాడు, దండ తీసి అప్పలసూరి మెడలో వేస్తూ. "జాబితా ఇక ఈడు రాత్తాడు."