గంజి పట్టిన పోగు

"పెంట ఎత్తిపోసినవా, అండాలూ?" చిట్యాలకు కోడలిగా వచ్చిన మర్నాడు మా అత్త గుర్వమ్మ నన్నడిగిన మొదటి మాట ఇదే. ఆనాటి నుంచి బూడిద, పొట్టు, పేడ, మగ్గం కింద రాలిన నూలు తుక్కు గంపకెత్తుకుని ఇంటి వెనక పెంటగుంతలో నేనే పోశాను. అది నిండిందంటే నా నడుము చలవే. దానిమీద మన్ను పోసి, దిమ్మిసతో కొట్టి, నాలుగు మట్టిగోడలు లేపి "గిది నీ అర్ర" అన్నాడు నా మగడు వెంకటనర్సు. మరిదికని రెండో మగ్గం వేశారు మరి. నాకూ, ఉయ్యాలలోని నా బిడ్డ లీలకూ ఇంట్లో జాగా లేకుండా పోయింది.

"అది పెంట జాగా. లోపల ఇంకా మురుగుతనే ఉంది, కుంగుతది" అన్నాను.

"అబ్బో! సాగర్ల కృష్ణకే అడ్డం గోడ కడుతుండ్రు. గీ నాలుగు గోడలు ఆగయా?" అని నవ్వాడు. అత్త ఊరుకుంటుందా! "కండెలు చుట్టేదానివి, నీకెందుకే గా ముచ్చట?"

నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేదాన్నే. తెల్లారకముందే గంజి కాచేదాన్ని, తెగిన పోగులు అతికేదాన్ని, బిడ్డకు పాలిస్తూ రాట్నం తిప్పేదాన్ని. నా చెయ్యి ఆగితే ఆయన నాడె ఆగుతుంది. అయినా ఎవరైనా అడిగితే "మా ఆమెకేం పని, ఊకెనే ఉంటది" అనేవాడు. ఒళ్లు మండేది. నోరు మాత్రం లేచేది కాదు.

తొలి వానకే మూల పగిలింది. "కొత్త గోడ, పగలదా?" అంటూ మట్టి మెత్తాడు. పక్కన మళ్లీ పగిలింది. గంజి పట్టి ఆరిన పోగు సాగదు, లాగితే తెగుతుంది. మగ్గమున్న ఇంట్లో ఎవరికి తెలియదు! అలాంటి పోగునొకదాన్ని పగులుకు అడ్డంగా, రెండు కొసలకూ మట్టి అద్ది అతికించాను. తర్వాతి వానకు తెగింది.

"ఎలుక కొరికింది" అన్నాడు.

ఎలుక అందుకోలేనంత ఎత్తున ఇంకోటి పెట్టాను. బిడ్డను జోకొడుతూ గోడనే చూసేదాన్ని. నాకు భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? అదీ తెగింది.

మర్నాడు పొద్దున మగ్గం దగ్గరికి వెళ్లాను.

"అర్ర గట్టిదే అంటివి కదా. అయితే మరిది మగ్గం అండ్ల ఏసుకోండ్రి. నేనూ పొల్లా ఈడ పండుకుంటం."

ఆయన నాడె విసురుతూనే, తలెత్తకుండా అన్నాడు: "పిచ్చి లేసిందా? గా పెంట మీద మగ్గమేస్తే కాళ్లు పెట్టే గుంత కూలదా? అచ్చు ఖరాబు కాదా?"

అన్నాక చెయ్యి ఆగిపోయింది. అత్త నా వైపు చూడలేదు.

అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు. పోగులు సరిచేసే దువ్వెనలాంటి అచ్చుకు పనికిరాని చోట నన్నూ నా బిడ్డనూ పడుకోబెట్టాడు. ఏడుపు రాలేదు.

వెనక అర్రకు వెళ్లి ఉయ్యాల విప్పి తెచ్చాను. రెండో మగ్గం పైనున్న దూలానికి కట్టి బిడ్డను వేశాను. రాట్నం మూలకు జరిపి గోడకానుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఆయన ఖాళీ అయిన కండెల గంపలోకి చూశాడు. "కండెలేవి?"

"గా రెండో మగ్గం ఇప్పు" అన్నాను, "గప్పుడు చుడత."