నలభై తెల్ల జుబ్బాలు

నా బావమరిది కలీం నా నోటికాడ కూడు తీశాడు.

ప్రత్తిపాడు చర్చివాళ్ళు క్రిస్మస్ ఊరేగింపులో పాడే మగవాళ్ళకు నలభై తెల్ల జుబ్బాలు కుట్టమన్నారు. తెలిసినవాళ్ళను మేం బయానా అడగం. సొంత డబ్బుతో బట్ట తెచ్చి, మనిషి మనిషికీ కొలతలు తీసి కుట్టాను.

కలీంకు గుంటూరులో రెడీమేడ్ కొట్టుంది. ఆ సంగతి తెలిసి వాడు సంఘపెద్ద ఎలీషా దగ్గరికి వెళ్ళాడు. "జుబ్బా అనేది అరబ్బీ మాట పెద్దయ్యా. మా ముల్లాలు పైన వేసుకునే వదులు అంగీ పేరది. మీ దేవుడి ముందు మా బట్టేంటి? నా దగ్గర పాటబృందాలవాళ్ళు వేసుకునే మంచి గౌన్లున్నాయి" అని ఎక్కించాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మూటతో వెళ్ళాను. ఎలీషా జనం ముందే అడిగాడు.

"ఏం బుడానూ, ఆ మాట అరబ్బీదేనా, కాదా?"

"అరబ్బీదే. మా నాన్న చెప్పేవాడు. మరి నువ్వు ఇంట్లో తొడుక్కునే పైజామా ఏ భాషదనుకున్నావు? పారశీకం. పా అంటే కాలు, జామా అంటే బట్ట. ఇప్పేస్తావా?"

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ప్రకాష్ పాస్టరుగారు కూడా నవ్వారు. "మాట ఎక్కడిదైతేనేం బుడాన్‌గారూ, ఒంటికి సరిపోవాలిగానీ. మూట విప్పండి, చూద్దాం."

అక్కడితో నోరు మూసుకోవలసింది. ఎలీషా ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"మీ నాన్న క్రిస్మస్‌కి మా నాన్న విడిచిన జుబ్బా అడుక్కుని తొడుక్కున్నాడే, అప్పుడు అది ఏ భాషదని అడిగాడా? చంకలో చిరుగుతోనే వేసుకుపోయాడు!"

నవ్వులు ఆగిపోయాయి. మనవరాలు క్రిస్టీనా వచ్చి ఎలీషా చెయ్యి పట్టుకుంది. ఆయన తలెత్తలేదు.

"తొడుక్కున్నాడు బుడానూ. ఆరేళ్ళు తొడుక్కున్నాడు. పోయిననాడు కూడా అదే ఒంటిమీదుంది."

పాస్టరుగారు సగం విప్పిన మూటను మళ్ళీ ముడేసి నా చేతిలో పెట్టారు.

క్రిస్మస్‌కి కలీం అమ్మిన గౌన్లు వేసుకునే పాడారు. ఉన్నమాట అన్నందుకు నేను చెడ్డవాణ్ణయ్యాను, చిచ్చుపెట్టిన కలీం మంచివాడయ్యాడు. ఆ జుబ్బాలు రంజాన్‌కు అమ్ముదామన్నా మావాళ్ళు కొనరు, చర్చివాళ్ళు అడిగారని ప్రతిదానికీ గుండెమీద ఎర్రదారంతో సిలువ కుట్టాను. బట్ట నూటపది మీటర్లు, మీటరు నూట ఎనభై. కుట్టుకూలి ఒక్కోదానికి మూడు వందల యాభై. మొత్తం ముప్పై మూడు వేల ఎనిమిది వందల రూపాయలు పోయాయి.