మేఘవతికి నీళ్లు

పొద్దున్నే బడికి పోయేలోపు నాలుగు పేజీల కథ రాయడం ఆదెప్ప సారుకు అలవాటు. ఆ పేజీల్లో ఎవరైనా చనిపోతే, మధ్యాహ్నానికల్లా వాళ్లు గార్లదిన్నె పక్కనున్న ఆయన ఊరికి నడిచొచ్చి, ఇంటి ముందు నిలబడి నీళ్లడిగేవాళ్లు. ఆయన భార్య ఆంజినమ్మ చెంబుతో ఇచ్చేది. తాగి, ఎర్రగుట్ట దాటి వెళ్లిపోయేవాళ్లు.

యుద్ధం రాసిన వారం మాత్రం పొరుగింటి నల్లప్ప తగాదాకొచ్చేవాడు.

"నీళ్ల ట్యాంకరు వారానికొకతూరి వస్తాండాది. ఇంతమంది సైనికుల్ని చంపితే ఎట్ల సారూ?"

తొంభై ఎనిమిదిలో ఆదెప్ప ఒక్కగానొక్క కూతురు మౌనిక తొమ్మిదేళ్లకే జ్వరంతో పోయింది. ఆ పిల్లకు సగం చెప్పి ఆపిన కథనే ఆయన రాయడం మొదలుపెట్టాడు. వానను వెతుక్కుంటూ పోయే రాజకుమారి మేఘవతికి మౌనిక నవ్వూ, మౌనిక నత్తీ పెట్టాడు. వారపత్రికలో వచ్చి, పుస్తకాలై, ఎనిమిదేళ్లలో ఎనిమిది భాగాలయింది. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలొచ్చేవి. రాజులు చచ్చారు, మాంత్రికులు చచ్చారు, గుర్రాలు కూడా చచ్చాయి. మేఘవతి చావలేదు.

"వచ్చినోళ్లందరికీ నీళ్లు పోస్తాండా. నా బిడ్డ ఒక్కతే రాలేదు," అంది ఆంజినమ్మ ఒకరోజు సంగటి కెలుకుతూ. "దాన్ని చంపు."

"ఒకతూరి పోగొట్టుకున్యాం. మళ్లా నా చేత్తోనా?"

"ఒక్కసారి చూస్తా. అంతే."

నెలరోజులు ఆయన వాయిదా వేశాడు. చివరికి ఒక ఆదివారం మేఘవతి చావు రాశాడు.

మధ్యాహ్నానికి మేఘవతి వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. కాళ్లనిండా దుమ్ము.

"అ... అమ్మా, నీళ్లు." ఏ ఇల్లాలినైనా పిలిచినట్టే పిలిచింది.

తాగితే వెళ్లిపోతుంది. ఆంజినమ్మ చెంబు వదల్లేదు. పిల్ల పెదాలు పగిలి నెత్తురు కనిపించాక ఇచ్చింది.

పిల్ల తాగి, గుట్టవైపు చూసి బెదిరింది. "ఆ... ఆడ ఎవురన్నా ఉంటారా?"

"నేనొస్తా పదమ్మా," అని ఆంజినమ్మ చెప్పులేసుకుంది. ఆదెప్ప ఆపబోయాడు.

ఆమె తిరిగి రాలేదు. ఎటు పోయిందో తెలుసు కాబట్టి ఊళ్లో ఎవరూ వెతకలేదు. నల్లప్ప పెళ్లాం రోజూ ఇంత సంగటి పంపేది.

తొమ్మిదో భాగానికి నాలుగేళ్లు పట్టింది. కథంతా గుట్టకు అవతలే. ఒక్కరు కూడా చావరు. మొదటి పేజీలో ఒక తల్లి కూతుర్ని ముందర కూర్చోబెట్టుకుని జడ వేయడం మొదలుపెడుతుంది. వెయ్యి పేజీలు దాటినా ఆదెప్ప ఆ జడ ముడి వేయనివ్వలేదు.